వైకరంగకు ఆ పేరు వచ్చిన విధం

న్యూజిలాండ్ ఉత్తర దీవిలో, సరస్సులకూ అగ్నిపర్వతాలకూ నడుమ, గడ్డిమీద మంచు పేరుకునే చలికాలంలో కూడా నేల వెచ్చగా ఉండే ఒక లోయ ఉంది. ఆ లోయలోని మావోరీ గ్రామం పేరు వైకరంగ. బస్సు దిగి ఊరి వైపు నడిచే యాత్రికులకు ముందుగా తగిలేది గంధకం వాసన. కుళ్ళిన కోడిగుడ్ల వాసన అని కొందరు ముక్కు మూసుకుంటారు. ఊరివారు నొచ్చుకోరు. “రేపటికి మీకు ఈ వాసన తెలియనే తెలియదు. ఇంటికి వెళ్ళి పెట్టె తెరిచినప్పుడు మాత్రం బట్టల్లోంచి వస్తుంది. అప్పుడు మేం గుర్తొస్తాం” అని నవ్వుతారు.

ఇళ్ళ మధ్యనే మరిగే మడుగులున్నాయి. రాతి పగుళ్ళలోంచి ఆవిరి బుసలు కొడుతూ ఉంటుంది. ఒక పక్క బురదగుంటలు గంజి కాగినట్టు తుకతుకమంటాయి. ఆవిరి వచ్చే చోట చెక్కపెట్టె అమర్చి, అందులో మాంసం, గుమ్మడి ముక్కలు, చిలగడదుంపలు ఉంచి, తడిగోనె కప్పి వెళ్ళిపోతారు. మన ఇడ్లీపాత్ర సంగతి ఎరిగినవారికి ఇందులో వింత కనబడదు, నిప్పు రాజేసే పని లేకపోవడం తప్ప. మొక్కజొన్న కండెలను గుడ్డలో మూటకట్టి, తాడుతో మడుగులోకి దింపి, మాట్లాడుకుంటూ నిలబడతారు. సాయంత్రం పూట ముసలివారూ పిల్లలూ గోరువెచ్చని రాతి తొట్లలో మెడదాకా మునిగి కబుర్లు చెప్పుకుంటారు. చనిపోయినవారిని ఇక్కడ లోతుగా పాతిపెట్టడం కుదరదు. తవ్వితే వేడినీరు వస్తుంది. అందుకే సమాధులను నేలమీదనే సున్నం పూసిన చిన్న గదుల్లాగా కడతారు.

ఊరి నడుమ సభాగృహం ఉంది. మావోరీలు దానిని కొయ్యతో కట్టిన ఇల్లుగా చూడరు, తమ పూర్వికుల దేహంగా భావిస్తారు. నడిమి దూలం వెన్నెముక. వాసాలు పక్కటెముకలు. గడప దాటితే ఆ పెద్దల ఒడిలోకి వెళ్ళినట్టే. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలని చెబుతారు. ఆ మాట తెలుగువారికి రెండోసారి చెప్పవలసిన అవసరం ఇంతవరకూ రాలేదట.

ఇటీవల మనవారి రాక పెరిగినందున, తమ ఊరి కథ తెలుగులో కూడా ఉండాలని గ్రామపెద్దలు కోరారు. ఏరేనా అవ్వ అనే పెద్దావిడ సభాగృహం అరుగుమీద కూర్చుని చెప్పిన కథను, ఆమె చెప్పిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఈ లోయలో మనుష్య సంచారం లేదు. ఇప్పటి ఊరివారి పెద్దలు ఉత్తరాన, చలిగాలులు వీచే పెద్ద సరస్సు గట్టున నివసించేవారు. లోయలో నీటిభూతం ఉందనీ, నేల కింద పడుకుని ఊపిరి తీస్తుంటుందనీ, దాని నోట్లో కాలు పెట్టినవాడు తిరిగి రాడనీ వారు నమ్మేవారు. ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. లోయలో చాలాచోట్ల నేల అప్పడమంత పలచన. కింద సలసల కాగే నీరు. వేటకు వెళ్ళి జాడ తెలియకుండా పోయినవారి పేర్లు అందరికీ తెలుసు.

ఆ సరస్సు గట్టున మారేవా అనే యువతి ఉండేది. ఆమె అన్న టోకోరు ఆ తెగకు నాయకుడు. వారి వంశంలో విత్తనపు దుంపలను కాపాడే పని తరతరాలుగా ఆడవారిది. వారి పూర్వికులు సముద్రాలు దాటి వస్తూ పడవలో తెచ్చిన చిలగడదుంపలే వారికి అన్నం. వెచ్చని దీవుల నుంచి వచ్చిన ఆ దుంప చలికి ఓర్వదు. శీతాకాలమంతా గోతిలో భద్రంగా దాచి, వసంతంలో నాటాలి. ఒక ఏడు మంచు ముందుగానే విరుచుకుపడింది. మారేవా గోతి మూత తీసి చూస్తే పైవరుస దుంపలు నల్లబడి ఉన్నాయి. చేతితో నొక్కితే నీరు కారింది. మిగిలినవి కూడా కుళ్ళితే వచ్చే ఏటికి పంట లేదు. పంట లేని తెగ చెల్లాచెదురై పోవలసిందే.

ఆనాడు ఆమెకు కలలో, ఎప్పుడో గతించిన అవ్వ కనిపించింది. అవ్వ చేతులు తడిమట్టితో ఉన్నాయి. “నేల ఊపిరి తీసే చోటికి తీసుకుపో. విత్తనం చావకూడదు” అని ఆ మాట మాత్రమే చెప్పి మాయమైంది.

మేలుకున్న మారేవా మొదట భయపడింది. తరువాత మంచి దుంపలను ఏరి, నారాకుల గంపలో ఎత్తుకుని, అన్నకు చెప్పింది. టోకోరు వద్దనలేదు. ఆమె రమ్మన్నా మిగతావారెవరూ రాలేదు. ఆమె భర్త టివాయి మాత్రం గంప అందుకుని వెంట నడిచాడు.

లోయ అంచున మారేవా అతన్ని ఆపి, ఒక గట్టికర్ర తీసుకుని తాను ముందు వెళ్ళింది. ప్రతి అడుగుకూ కర్రతో నేలను పొడిచి, చెవి ఒగ్గి వినేది. గట్టి నేల మొద్దుగా పలికింది. బోలు నేల డోలులాగా మోగింది. ఒకచోట తొందరపడింది. నేల పైపెంకు విరిగి కుడికాలు మడమదాకా కాగే నీటిలో దిగబడింది. టివాయి ఆమెను లాగి, భుజాన వేసుకుని, గోరువెచ్చని వాగు దగ్గర కూర్చోబెట్టాడు. కాలు మానాక ఆమె మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టింది. అలా వంకరటింకర దారి ఒకటి ఆమె మనసులో గీతగా నిలిచింది. దారి చివర, ఫెర్న్ మొక్కలు మంచు ఎరుగకుండా పచ్చగా ఉన్న చోట, వెచ్చని మట్టిలో దుంపలను దాచింది. వసంతానికి అవి మొలకెత్తాయి.

ఆ తరువాత తెగంతా లోయకు తరలివచ్చింది. ఆవిరిమీద వంట నేర్చుకున్నారు. ముసలివారి కీళ్ళనొప్పులు వేడినీటిలో తగ్గాయి. చలికి చనిపోయే పసివారు బతికారు. ఏ మూల అడుగు వేయాలో, ఏ మూల వేయకూడదో మారేవాను అడిగి తెలుసుకునేవారు.

కొన్నేళ్ళు సుఖంగా గడిచాయి. తూర్పు కొండకు అవతల మరొక తెగ ఉండేది. రెండు తెగలకూ నడుమ ఏటిలో పాముల్లాంటి మలుగు చేపలు పట్టే అడ్డుకట్ట ఒకటుంది. అది మాదంటే మాదని ఎప్పటినుంచో తగవు. ఒక శరదృతువులో మాటా మాటా పెరిగి, అవతలి తెగ యోధుడు కాహు దుడ్డుకర్రతో టివాయి తలమీద కొట్టాడు. టివాయి అక్కడే ప్రాణం విడిచాడు.

మారేవా ఆచారం ప్రకారం జుట్టు కోసుకుంది. భర్త శవం పక్కన కూర్చుని అన్నతో అందరూ వినేలా అంది: “నాకు కాహు చావు కావాలి. నువ్వు నాయకుడివైతే తెచ్చి ఇవ్వు.”

“తెస్తాను” అన్నాడు టోకోరు. అయితే కొండ అవతలి తెగ బలమైనది. ప్రతీకారం వాయిదా పడుతూ వచ్చింది. మారేవా అన్న ముఖం చూసినప్పుడల్లా ఆ మాట గుర్తు చేసేది.

ఒకనాడు తెల్లవారుజాము నుంచి భూమి కంపించింది. తూర్పున ఉన్న అగ్నిపర్వతం పగిలి నిప్పులు కక్కింది. మధ్యాహ్నానికి సూర్యుడు కనబడలేదు. బూడిద వానలాగా కురిసింది. లోయలో మడుగులు పొంగి, ఎన్నడూ లేనంత ఆవిరి లేచి, చేయి చాపితే వేళ్ళు కనబడని స్థితి వచ్చింది. ఊరివారు సభాగృహం దగ్గర చేరి ఉండగా, తూర్పు వైపు నుంచి మనుషుల అలికిడి వినిపించింది. కాపలా ఉన్నవారు పరుగున వచ్చి చెప్పారు: “కొండ అవతలివాళ్ళు! ఊరు బూడిదలో కూరుకుపోయిందట. పిల్లల్నీ ముసలివాళ్ళనీ మోసుకుంటూ దిగుతున్నారు. కాహు కూడా ఉన్నాడు.”

వారికీ ఊరికీ మధ్య ఉన్నది ఆ పలచని నేల. బూడిద కప్పేయడంతో, పలచని చోటును పట్టిచ్చే పసుపు మరకలు, తడి అంచులు ఏవీ కనబడడం లేదు. దారి ఎరుగనివారు అందులో అడుగుపెడితే పదడుగులు కూడా వేయలేరు.

యోధులు ఆయుధాలు అందుకున్నారు. టోకోరు చేయి ఎత్తి వారిని ఆపాడు.

“ఆయుధాలు దింపండి. మనం చేయవలసింది ఏమీ లేదు. ఎవరూ నోరు మెదపకండి. చాలు.” తరువాత మారేవా వైపు తిరిగాడు. “చెల్లీ, నువ్వు అడిగింది ఇవాళ నీకు దక్కుతుంది. నేలే తీరుస్తుంది.”

యోధులు ఆయుధాలు దింపారు. మారేవా కూడా కదలలేదు. ఆమెకు మనసులో భర్త పగిలిన తల కనబడింది. కాహు చేతిలోని కర్ర కనబడింది. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది కళ్ళెదుట ఉంది. ఇంతలో ఆవిరి అవతల నుంచి ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఎవరో నోరు మూసినట్టు ఆగి, మళ్ళీ మొదలైంది. దానికి తోడు మరొక బిడ్డ.

మారేవా గోడకు చేరవేసిన కర్ర అందుకుంది.

“ఎక్కడికి?” అన్నాడు టోకోరు.

“అన్నా, అవ్వ నాకు ఈ చోటు చూపించి విత్తనం చావకూడదు అంది. ఇన్నాళ్ళూ దుంపల మాటే అనుకున్నాను.”

“వాళ్ళు టివాయిని చంపినవాళ్ళు!”

“ఆ ఏడ్చే బిడ్డ చంపిందా?”

టోకోరు అడ్డంగా నిలబడ్డాడు. “నేను నాయకుణ్ణి. ఊరు నోరు మెదపకూడదన్నాను.”

“ఊరు నీ మాట విననీ. ఈ నేల సంగతి మాత్రం నువ్వు నన్ను అడిగి తెలుసుకున్నవాడివే” అని ఆమె అతని పక్కనుంచి ఆవిరిలోకి నడిచింది.

కంపానికి పాత దారి కూడా చెదిరింది. గట్టిగా ఉండవలసిన చోట కర్ర డోలులాగా మోగింది. ఆమె వెనక్కి వచ్చి, పక్కకు జరిగి, మళ్ళీ పొడిచి చూసుకుంటూ, మొదటినాడు వచ్చినట్టే వెళ్ళింది. దారి నడుమ ఉన్న ఒక బండ ఎక్కి నిలబడి, గుండెల నిండా ఆ వేడిగాలి పీల్చి, గొంతెత్తి పిలిచింది. పొలంలో నాట్లప్పుడు పాడే గొంతు అది, కొండను తాకి తిరిగివచ్చేంత పెద్దది.

“రండి! పసివాళ్ళను ఎత్తుకుని రండి! ముసలివాళ్ళను మోసుకుని రండి! చనిపోయినవాళ్ళను తలచుకుంటూ రండి! నా గొంతు ఎక్కడుంటే నేల అక్కడ గట్టిగా ఉంటుంది, రండి!”

అవతలి ఒడ్డున జనం నిలిచిపోయారు. కాహు తల్లిని వీపున మోస్తున్నాడు. ఆమె పేరు నరోమా. కళ్ళు సరిగా కనబడని వృద్ధురాలు. కాహు ఆ గొంతు గుర్తుపట్టాడు.

“ఇది టివాయి భార్య. మనల్ని మరిగే మడుగులోకి పిలుస్తోంది. ఎవరూ కదలకండి” అని అరిచాడు.

నరోమా కొడుకు భుజంమీద తట్టింది. “బాబూ, మనల్ని చంపాలనుకుంటే ఆమె పిలవనక్కర లేదురా. ఊరికే ఉంటే చాలు.”

అప్పుడు నరోమా కొడుకు వీపుమీదనే నిటారుగా లేచి, బూడిదతో ఎండిన గొంతును కూడదీసుకుని బదులు పిలిచింది: “విన్నాను బిడ్డా! పిలిచిన తల్లీ, వస్తున్నాం! మా చచ్చినవాళ్ళతో, మా బతికినవాళ్ళతో వస్తున్నాం!”

ఆ బదులు విన్న తరువాతే మారేవా వెనక్కి అడుగు వేసింది. ఆమె పిలుస్తూ వెనక్కి జరిగేది. గొంతు కుడికి జరిగితే వారు కుడికి, ఎడమకు జరిగితే ఎడమకు నడిచారు. తల్లులు ముందు, మగవారు వెనుక. నరోమా బదులు పిలుస్తూనే ఉంది. ఆ బదులు ఎంత దూరంలో ఉందో విని, మారేవా ఆగవలసిన చోట ఆగేది. ఒకరినొకరు చూడలేని ఇద్దరు ఆడవాళ్ళు, గొంతులతోనే ఒక తెగను నడిపించారు. ఊరి అంచుకు వచ్చేసరికి మారేవా గొంతు పూర్తిగా బొంగురుపోయింది. చివరి పిలుపు మాత్రం ఆమెది కాదు. మౌనంగా ఉండమన్న టోకోరు అక్కడ నిలబడి, ఇద్దరు పిల్లల్ని చేతులు చాచి అందుకుంటూ, “ఇటు, ఇటు రండి” అంటున్నాడు.

మారేవా, నరోమా మావోరీల పలకరింపు ప్రకారం ముక్కూ నుదురూ ఆనించి ఒకే ఊపిరి పీల్చుకున్నారు. కాహు తన దుడ్డుకర్రను మారేవా కాళ్ళ దగ్గర పెట్టాడు.

“టివాయిని చంపింది నేనే” అన్నాడు.

“తెలుసు. నేను నిన్ను పిలవలేదు. మీ అమ్మను పిలిచాను. ఆమె నీ వీపుమీద ఉంది” అని మారేవా అతని ముఖం చూడకుండా వెళ్ళి, ఆవిరిపెట్టె తెరిచి, పిల్లలకు దుంపలు పెట్టింది.

ఆమె క్షమించిందని ఊరివారు తేలికగా చెప్పరు. కాహు బతికినంతకాలం, అమ్మాయి పెళ్ళికి పందిరి వేసినంత శ్రద్ధగా, ఆ దారికి ఇరువైపులా రాళ్ళు పేర్చాడు. నేల మారినప్పుడల్లా రాళ్ళు మార్చాడు. మారేవా అతనితో మాట్లాడేది కాదు. నరోమా కన్నుమూసిన రోజున మాత్రం సంతాపానికి గుర్తుగా తలకు ఆకుల దండ చుట్టుకుని శవం దగ్గరికి వచ్చి, సొంత తల్లి పోయినట్టు శోకాలు పెట్టింది. లేచి వెళ్ళేటప్పుడు కాహు ముందు ఆగి, తానే ముందుకు వంగి, ముక్కుకు ముక్కు ఆనించింది. రెండు తెగలు ఒకటైనవి ఆ రోజునే అని ఏరేనా అవ్వ చెబుతుంది. వై అంటే నీరు, కరంగ అంటే పిలుపు. పిలుపు వినిపించిన నీళ్ళు కనుక ఇది వైకరంగ అయింది.

పిలిచి అతిథిని ఆహ్వానించడం మావోరీ గ్రామాలన్నిటా ఉన్న మర్యాదే. ఇతర ఊళ్ళలో దానికి ఇతర కథలుంటాయి. ఈ ఊరివారు చెప్పుకునేది ఇది. సభాగృహం ముందువైపు కప్పు కొనమీద చెక్కిన స్త్రీమూర్తిని చూడండి. మిగతా ఊళ్ళలో నాలుక చాచి శత్రువును బెదిరించే వీరుడు కనబడితే, ఇక్కడ నోరు గుండ్రంగా తెరిచి, తల పైకెత్తి పిలుస్తున్న మారేవా కనబడుతుంది. ఆమె కుడి మడమ దగ్గర శిల్పులు కావాలనే ఒక మచ్చ వదిలారు. “ఇరుగుపొరుగువాళ్ళు గెలిచిన యుద్ధాలు చెప్పుకుంటారు. చెప్పుకోనీ. మేం శత్రువును పిలిచి అన్నం పెట్టినవాళ్ళం. అది మా గెలుపు” అని ఏరేనా అవ్వ నడుము సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది. ఆమె రక్తంలో మారేవా వంశమూ ఉంది, కాహు వంశమూ ఉంది. రెండూ ఒకే గొంతుతో చెబుతుంది.

నేటికీ వైకరంగకు వచ్చేవారిలో ఒక స్త్రీ ఆ పిలుపుకు బదులు ఇవ్వాలి. బదులు వినకుండా ఊరివారు లోనికి రానివ్వరు. మావోరీ భాష రానక్కర లేదు. మొన్నటి శీతాకాలంలో పార్వతీపురం నుంచి వచ్చిన యాత్రికుల బృందంలో చదువుకున్నవారందరూ ఏమనాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, చింతాడ అప్పలనరసమ్మ అనే పెద్దావిడ చీరకొంగు నడుముకు దోపి, ఊళ్ళో పొలం గట్టున కేకేసినట్టు గొంతెత్తింది: “వస్తన్నామమ్మా! పిల్లా జెల్లా అందరం వస్తన్నాం!” అవతల పిలుస్తున్న ఏరేనా అవ్వ గొంతు ఇంకా పెద్దగా పలికింది. ఆ తరువాత వారిద్దరూ ముక్కు ముక్కు ఆనించి, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, ఆవిరిపెట్టె దగ్గర కూర్చుని ఉడికిన దుంప చెరిసగం తిన్నారు.

ఇలా బదులిచ్చి లోనికి వచ్చినవారిని వైకరంగ మళ్ళీ అతిథులని అనదు, బంధువులని అంటుంది. దూరదేశంలో ఉన్న తమవారితో మాట పోయినవారు, పంతాలతో ఇళ్ళు విడిపోయినవారు ఇక్కడికి వచ్చి మారేవా మూర్తి ఎదుట నిలబడి వెళితే, ముందుగా పలకరించే ధైర్యం వస్తుందని ఊరివారి నమ్మకం. ఆ ధైర్యమే ఈ స్థలం ఇచ్చే ప్రసాదం.

కాబట్టి యాత్రికులారా, ఊరి ముందున్న వంతెనకు ఇవతల ఆగండి. మీలో ఒక ఆడకూతురిని ముందు నిలబెట్టుకోండి. ఆవిరి ఎంత దట్టంగా ఉన్నా తొందరపడి అడుగు వేయకండి. పిలుస్తారు.